వెనక కూర్చుండిపోయిన ఎర్టిగా: కొలవకుండా షాక్‌లు మార్చిన ఒక కేసు

ఆ బండి మొదటిసారి నా మెకానిక్ షెడ్డుకి వచ్చింది 2023 ఆగస్టులో. ఓనర్ బాబాయ్ తాళం చేతిలో పెడుతూ రెండు మాటలు చెప్పాడు. ఒకటి, సీట్లు నిండితే గుంతల్లో వెనక దబ్బుమని కొడుతోంది. రెండోది వెళ్లబోతూ చెప్పాడు: "రాత్రిపూట సుంకి ఘాటీలో ఎదురొచ్చే లారీవోళ్లంతా నాకు డిప్పర్ కొడతన్నారు మేస్త్రీ. నా లైట్లు డిమ్‌లోనే ఉంటన్నాయి. ఏటో మరి." మొదటి మాట జాబ్‌కార్డు మీద రాసుకున్నాను. రెండోది రాసుకోలేదు. డిప్పర్ కొట్టడం అంటే లైట్లు ఆర్పి వెలిగించి, నీ లైటు కళ్లలో పడుతోందని చెప్పడం. లైట్ల సంగతి ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే అనుకున్నాను. ఆ రోజే రాసుకుని ఉంటే బాబాయ్‌కి నాలుగు నెలల బాధ తప్పేది. అందుకే ఈ కేసుని అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

మాది కోరాపుట్ జిల్లా జయపురం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ పెద్ద జబ్బు చేసినా, పెళ్లి బట్టలు కొనాలన్నా మా వాళ్ల కాళ్లు విశాఖ వైపే నడుస్తాయి. బాబాయ్ బతుకుతెరువు కూడా ఆ దారే. తెల్లవారుజామున జయపురంలో ఎక్కించుకుని కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాటీ దిగి సాలూరు, రామభద్రపురం, విజయనగరం మీదుగా విశాఖ ఆసుపత్రుల దగ్గర దింపుతాడు. మర్నాడు మళ్లీ పైకి. బండి 2016 డీజిల్ ఎర్టిగా, ఏడు సీట్ల కారు, ట్యాక్సీ ప్లేటు. మొదటిసారి వచ్చేటప్పటికి 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. సస్పెన్షన్‌లో (చక్రాలకీ బండికీ మధ్య కుదుపు తీసుకునే భాగాల్లో) బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు, తప్ప ఏదీ మార్చలేదు.

ఈ బండికి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లు ఉంటాయి, అంటే షాక్ (ఊపుని ఆపే ఆయిల్ గొట్టం), స్ప్రింగు (బరువు మోసేది) రెండూ ఒకే కట్టగా. వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాల్ని కలిపే అడ్డ దూలం. అక్కడ స్ప్రింగు వేరు, షాక్ వేరు. ఆ తేడా ఈ కేసులో నాకు ఉపయోగపడాల్సింది. స్ప్రింగు ముట్టుకోకుండా షాక్ ఒక్కటే గంటలో మార్చే వీలుండటంతో సులువైన పని చేసి ఊరుకున్నాను.

లిఫ్ట్ మీద పెట్టి చూస్తే వెనక షాక్‌లు రెండూ ఆయిల్ కారాయి. సన్నగా చెమ్మ పట్టి దుమ్ము అంటుకోవడం వేరు, అది మామూలే. షాక్ కడ్డీ లోపలికి బయటికి తిరిగేటప్పుడు సీలు దగ్గర ఆ మాత్రం తడి వస్తుంది. ఇక్కడ మాత్రం ధార కట్టి కింది బుష్ దాకా జారి మడ్డిలా గడ్డకట్టింది. టైర్ మీద అరచెయ్యి పెట్టి చుట్టూ తడిమితే ఎత్తుపల్లాలు తగిలాయి. షాక్ పట్టు తప్పితే చక్రం రోడ్డు మీద ఆనకుండా ఎగిరెగిరి పడుతుంది, పడిన చోటల్లా రబ్బరు అరుగుతుంది. ఇంత సాక్ష్యం చూశాక నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. వెనక షాక్‌లు రెండూ కొత్త గ్యాస్ షాక్‌లు వేశాను. టెస్ట్ డ్రైవ్‌లో ఒక్కడినే కూర్చుని ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద తిప్పాను. బండి ఒక్కసారి ఊగి ఆగిపోతోంది. బాబాయ్ సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు.

నేను చేసిన తప్పు ఏమిటో ఇక్కడే చెబుతాను. షాక్‌లు పోయిన మాట నిజం, మార్చాల్సిందే. కానీ బాబాయ్ చెప్పిన బాధ షాక్‌ది కాదు. నిలబడి ఉన్న బండిని షాక్ మొయ్యదు. కదలికని మాత్రమే పట్టుకుంటుంది. ఎంత వేగంగా కదిపితే అంత బలంగా ఎదురు తిరుగుతుంది, కదలిక లేకపోతే దానికి పని లేదు. గ్యాస్ నింపినది కదా, కొంచెం లేపదా అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి. కడ్డీ 12 మిల్లీమీటర్ల మందం, లోపల గ్యాస్ 5 బార్ అనుకుంటే ఆ కడ్డీని బయటికి తోసే బలం 6 కిలోలకి కూడా చేరదు. అంతతో ఒక మూల రెండు మిల్లీమీటర్లు లేస్తే గొప్ప. ఆ గ్యాస్ ఉన్నది బండిని లేపడానికి కాదు, ఎడతెగని గుంతల్లో లోపలి ఆయిల్ నురగ కట్టకుండా ఉండటానికి.

మా నాన్నగారు సాలూరులో లారీల కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) కట్టేవారు. చిన్నప్పుడు ఆయన దగ్గర విన్న మాట ఒకటి పెద్దయ్యాకే నాకు పూర్తిగా అర్థమైంది: కమాను తన ఊపుని తనే కొంత మింగుతుంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి కాబట్టి ఆ రాపిడిలో ఊపు కొంత చచ్చిపోతుంది. కారులో ఉండే కాయిల్ స్ప్రింగుకి ఆ రాపిడి లేదు. నొక్కిన బలాన్ని దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే కారులో షాక్ పోతే వెంటనే తెలిసిపోతుంది, అందరూ దాన్నే పట్టించుకుంటారు. స్ప్రింగు మాత్రం ఏళ్ల తరబడి మిల్లీమీటరు మిల్లీమీటరుగా కుంగుతూ పోతుంది, రోజూ నడిపేవాడికి కనపడదు.

మళ్లీ వచ్చింది

డిసెంబరు మొదటి వారంలో బాబాయ్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. దసరా సీజన్లో బండి మళ్లీ అలాగే కొడుతోందట. నన్ను అడగడానికి మొహమాటపడి, దారిలో ఎవరో చెబితే వెనక స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించాడు. మొదటి వారం బాగుంది అనిపించింది. తర్వాత బండి చెక్కబల్లలా అయింది. ఒక రోజు పొట్టంగి దాటాక వెనక ఎడమ పక్క టంగుమని శబ్దం వచ్చింది, అప్పటి నుంచి బండి ఆ పక్కకి ఒరిగి నడుస్తోంది.

లిఫ్ట్ ఎక్కించగానే కనపడింది. ఎడమ స్ప్రింగు కింది చుట్టు చివర విరిగి, చూపుడు వేలంత ముక్క రబ్బరు సీటులో ఇరుక్కుని ఉంది. ఆ ముక్కని తీసి వెలుతురులో పట్టుకుని చూశాను. విరిగిన ముఖం సగం గోధుమరంగు తుప్పు, మిగతా సగం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. అంటే ఆ పగులు ఆ రోజు పుట్టింది కాదు. సీటులో చేరిన ఇసుక, బురద పెయింటుని గీసేసి, వానలు లోపలికి తుప్పు ఎక్కించి, నెలల క్రితమే సగం దాకా పగిలి ఉంది. ఆగస్టులో ఆ చుట్టుని గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూసి ఉంటే నాకు కనపడేదేమో. మిగిలిన సగాన్ని తెంపింది బఫర్లే అని నా అభిప్రాయం. బఫర్ పెడితే ఆ చుట్టు పనిచెయ్యడం మానేస్తుంది. దాని వాటా కుంగడం కూడా మిగతా చుట్ల మీద పడుతుంది. బండి లేచినట్టు కనపడుతుంది గానీ ఇనుము మీద ఒత్తిడి పెరుగుతుంది. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి పెట్టుకుంటే నేను అడ్డు చెప్పను. ఘాటీ ఎక్కి దిగే ట్యాక్సీకి మాత్రం వద్దనే చెబుతున్నాను.

బాబాయ్ వచ్చేటప్పటికే నిర్ణయం చేసుకుని వచ్చాడు. "ఇవన్నీ తీసేసి గట్టి స్ప్రింగులు ఎయ్ మేస్త్రీ. ఇనుము లావుగా ఉంటది కదా, అవి. ఎనిమిదేల లోపల చూడు. ఇక మళ్లీ మళ్లీ తిరగలేను."

"ఒక్క రోజు బండి నా దగ్గర వదిలెయ్ బాబాయ్. ఈసారి కొలిచి చెబుతాను. కూలి నాకు వద్దు" అన్నాను.

కొలతలు

బఫర్లు తీసేశాను. నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పట్టాను. షెడ్డులో నేల వాలుగా ఉంటుంది కాబట్టి అలైన్‌మెంట్ ప్లేట్ల దగ్గర సమంగా ఉన్న చోట నిలబెట్టి, బండిని ముందుకి వెనక్కి తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలాను. జాకీ దింపిన వెంటనే కొలిస్తే చక్రాలు బిగుసుకుని ఉంటాయి, కొలత తప్పు వస్తుంది. తర్వాత హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి నేరుగా పైకి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా టేపు పట్టాను. నేల నుంచి కొలిస్తే టైర్ అరుగుదల, గాలి తేడా కలిసిపోతాయి. హబ్ నుంచి కొలిస్తే ఆ పేచీ లేదు.

కొలత వచ్చింది సరే, ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది? బ్యాంకులో పనిచేసే ఒకాయన అదే ఏడాది, అదే డీజిల్ ఎర్టిగా మా దగ్గర సర్వీస్ చేయిస్తారు. 38 వేలు కూడా తిరగని బండి, ఎప్పుడూ ఇద్దరే కూర్చుంటారు. ఆయన్ని అడిగి పది నిమిషాలు పక్కన నిలబెట్టించాను. రెండు బండ్లలోనూ సగం ట్యాంకు డీజిల్, 185/65 ఆర్15 టైర్లే. ఆ బండితో పోలిస్తే బాబాయ్ బండి వెనక కుడి 19 మిల్లీమీటర్లు తక్కువ. వెనక ఎడమ, విరిగిన పక్క, 31 తక్కువ. ముందు రెండు పక్కలా 8 తక్కువ.

19 మిల్లీమీటర్లు అంటే ఎంత బరువో తెలుసుకోవాలనిపించింది. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లని కాటా మీద నిలబెడితే కలిపి 120 కిలోలు. ఇద్దర్నీ ఇరుసుకి సరిగ్గా పైన వచ్చేలా మూడో వరసలో కూర్చోబెట్టి కుడి పక్క మళ్లీ కొలిచాను. 23 మిల్లీమీటర్లు దిగింది. ఒక్కో చక్రానికి 60 కిలోలు వేసుకుంటే, 10 మిల్లీమీటర్లకి సుమారు 26 కిలోలు. ఆ లెక్కన 19 మిల్లీమీటర్ల కుంగుడు అంటే చక్రానికి 50 కిలోలు, రెండు చక్రాలకి వంద. బండిలో ఒక్కరూ లేకపోయినా మూడో వరసలో దాదాపు ఆ ఇద్దరు కుర్రాళ్లూ కూర్చున్నట్టే రోజూ తిరుగుతోంది. నిజంగా జనం ఎక్కితే స్ప్రింగుకి ఇక దిగే చోటు లేదు, బంప్ స్టాపర్ (చివరి గుద్దుడు తీసుకునే రబ్బరు దిమ్మ) మీద పడుతుంది. స్టాపర్లు రెండూ నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉన్నాయి. ఆగస్టులో నేను వేసిన కొత్త షాక్‌లకి ఏమీ కాలేదు, అవి చక్కగా పనిచేస్తున్నాయి. వాటి పని వేరు.

అప్పుడు లారీవాళ్ల డిప్పర్ గుర్తొచ్చింది. వెనక దిగితే ముక్కు లేస్తుంది, ముక్కు లేస్తే డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. ఆగస్టులోనే ఆ లారీవాళ్లు బాబాయ్‌కి రోజూ చెబుతున్నారు, బండి వెనక కుంగిందని.

చివరగా వే బ్రిడ్జి, అంటే బండిని మొత్తంగా తూచే కాటా. మర్నాడు ట్రిప్ ఉంది, విరిగిన స్ప్రింగుతో పంపలేను కాబట్టి బాబాయ్ ఆ ట్రిప్ వేరేవాళ్లకి ఇచ్చాడు. కానీ మామూలుగా ఎంత ఎక్కిస్తాడో చెప్పమని కూర్చోబెట్టి అడిగాను. ఏడుగురు మనుషులు, వాళ్ల సంచులు, పైన క్యారియర్, సీజన్లో కుందులి సంత నుంచి అల్లం బస్తాలు రెండు. బస్తాలు కూడా తూచి, ఖాళీ బండిని కాటా మీద తూచి, అన్నీ కలిపి చూస్తే ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) రాసిన లాడెన్ వెయిట్ (నిండు బండికి ఉండదగ్గ గరిష్ఠ బరువు) కన్నా 115 కిలోలు ఎక్కువ తేలింది. బాబాయ్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఇది నేను చెబితే నమ్మేవాడు కాదు, కాటా చెప్పింది కాబట్టి నమ్మాడు.

గట్టి స్ప్రింగు ఎందుకు వద్దన్నాను

ఇక ఏం కొనాలి అన్న దగ్గర మా ఇద్దరికీ గంటసేపు వాదన జరిగింది. విశాఖలో ఒక చోట ఒక మిల్లీమీటరు లావు తీగతో చేసిన వెనక స్ప్రింగులు దొరుకుతాయని బాబాయ్ ఫోటో కూడా తెచ్చాడు. ఒక్క మిల్లీమీటరే కదా అని ఆయన ధీమా. స్ప్రింగుకి ఆ ఒక్క మిల్లీమీటరు చిన్నది కాదు. చుట్టు వెడల్పు, చుట్ల లెక్క మారకుండా తీగ మందం పెరిగితే గట్టిదనం దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగని 13 చేస్తే 38 శాతం దాకా గట్టిపడుతుంది. ఆ స్ప్రింగుని పాత ఊపులోనే అదుపు చెయ్యాలంటే షాక్ పట్టు కూడా సుమారు 17 శాతం పెరగాలి. ఆగస్టులో వేసిన షాక్‌లు కంపెనీ స్ప్రింగుకి సరిపడేవి. గట్టి స్ప్రింగు నొక్కుకుని లేచినప్పుడు ఆ తోపుని అవి ఆపలేవు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తడి మలుపులో వెనక చక్రాలు చిన్న గుంతకే ఎగిరి పట్టు వదిలేస్తాయి. సుంకి మలుపుల్లో అలాంటి బండిలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు, బాబాయ్‌ని కూర్చోబెట్టడం అసలే ఇష్టం లేదు.

బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు. "గట్టిగా ఉంటే ఏటవుతాది, అలవాటు పడతారు జనం" అన్నాడు. అప్పుడు ఆయన బండిలో ఎవరు ఎక్కుతారో ఆయన చేతే చెప్పించాను. వెళ్లేటప్పుడు నొప్పితో ఉన్న రోగి. తిరిగొచ్చేటప్పుడు కుట్లు ఆరని మనిషి, నెల తిరగని బాలింత. మనిషి ఒంటికి హాయిగా ఉండే ఊపు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు. దాదాపు మనం మెల్లగా నడిచే అడుగుల లయే. కంపెనీ స్ప్రింగుల్ని ఆ దగ్గరలో ఉండేలా చేస్తారు. స్ప్రింగు గట్టిపడేకొద్దీ ఆ లయ కుదుపుగా మారుతుంది. కుట్లు ఉన్నవాళ్లకి ఆ తేడా ప్రతి గుంతలోనూ తెలుస్తుంది. ఆ మాటకి బాబాయ్ మెత్తబడ్డాడు. వాళ్లావిడ ఆపరేషన్ అయ్యాక ఆ బండిలోనే పడుకుని వచ్చిందట.

ఇంకో సంగతి కూడా చెప్పాను. పాత స్ప్రింగు మెత్తబడిపోయింది, అందుకే గట్టిది కావాలి అని ఆయన నమ్మకం. మా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామందిది అదే నమ్మకం. కుంగిన స్ప్రింగు మెత్తబడదు, పొట్టిదవుతుంది. ఇనుము అదే, తీగ అదే, చుట్లు అవే అయితే గట్టిదనం మారడానికి కారణం లేదు. తుప్పు తీగని బాగా తినేస్తే తప్ప. కాబట్టి కావలసింది గట్టిదనం కాదు, పోయిన ఎత్తు. దానికి కంపెనీ పొడుగున్న కొత్త స్ప్రింగు చాలు. మరి బరువు? 115 కిలోల్లో వెనక చక్రాలకి ఒక 80 పడుతుందనుకుంటే, మన లెక్కన 15 మిల్లీమీటర్లు. కొత్త స్ప్రింగులు తిరిగిచ్చే 19లో ఆ 15 అల్లం బస్తాలే తినేస్తాయి. "స్ప్రింగులు నేను ఇస్తాను, బస్తాలు నువ్వు దింపాలి" అన్నాను. సీట్లు ఖాళీగా ఉన్న రోజునే బస్తాలు, అవి కూడా పైన కాదు, కింద మడిచిన మూడో వరస మీద. అలా ఒప్పందం కుదిరింది.

పెట్టె విప్పాక

జయపురంలో స్టాకు లేదు, విశాఖ నుంచి బస్సు పార్సిల్లో తెప్పించాం. ఒకే కట్టలో రెండు స్ప్రింగులు వచ్చాయి. వాటిని అలాగే ఎక్కించేవాణ్నేమో, నెలల క్రితం అయితే. ఈసారి బెంచి మీద పక్కపక్కన నిలబెట్టాను. ఒకదాని మీద పసుపు గీత, ఇంకోదాని మీద తెల్ల గీత. ఎత్తులో నా చిటికెన వేలి గోరంత తేడా. ఒకే మోడల్లో పెట్రోలుకి, డీజిల్‌కి, సీఎన్‌జీకి బరువులు వేరు కాబట్టి కంపెనీలు స్ప్రింగులూ వేరువేరుగా ఇస్తాయి. తీగ మీద ఆ రంగు గీతలు ఉండేది వాటిని గుర్తుపట్టడానికే. పార్ట్ నంబరు చూస్తే ఒకటే మన బండిది. షాపువాళ్లు తప్పు ఒప్పుకుని మార్చి పంపడానికి మూడు రోజులు పట్టింది. బాబాయ్‌కి మూడు రోజుల ట్రిప్పులు పోయాయి. నాకు టెన్షన్ ఎక్కువైంది గానీ, ఒకటి పొడుగు ఒకటి పొట్టి వేసి పంపితే ఒరుగు మళ్లీ మొదలయ్యేది. షాక్‌లైనా స్ప్రింగులైనా ఒక ఇరుసు మీద రెండూ జతగానే మార్చాలి అంటాం. ఆ జత నిజంగా జతేనా అని కూడా చూడాలని ఈ పెట్టె నాకు నేర్పింది.

స్ప్రింగులతో పాటు కింది రబ్బరు సీట్లు, బంప్ స్టాపర్లు రెండు పక్కలా కొత్తవి. ఎక్కించేటప్పుడు తీగ చివర సీటులోని గాడి మెట్టుకి ఆనేలా తిప్పి పెట్టాలి. అది ఒక వేలు పక్కకి జరిగినా బండి ఎత్తు మారుతుంది, కటకట శబ్దం వస్తుంది. షాక్ కింది బోల్టు వదులు చేశాం కాబట్టి, దాన్ని చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించకుండా, బండిని నేల మీదకి దింపి బరువు పడ్డాక బిగించాను. బుష్ లోపలి రబ్బరు మెటల్‌కి అతుక్కుని ఉంటుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే నడిచినంతసేపూ మెలిపడే ఉండి ఏడాది లోపే చిరిగిపోతుంది. ఇది చాలా షెడ్లలో వదిలేసే పని. ఒక్క ఐదు నిమిషాలు కింద దూరి పడుకోవాలి, అంతే.

అన్నీ బిగించాక ఆ ఇద్దరు కుర్రాళ్లనే మళ్లీ మూడో వరసలో కూర్చోబెట్టాను. కుడి పక్క మళ్లీ 23 మిల్లీమీటర్లే దిగింది. పాతదానితోనూ అంతే కదా. బాబాయ్ స్వయంగా టేపు పట్టి చూశాడు. గట్టిదనం మారలేదు, ఎత్తు మారింది. ఖాళీ బండి బ్యాంకాయన బండితో పోలిస్తే కుడి ఒక మిల్లీమీటరు, ఎడమ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. కొత్త స్ప్రింగు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఆ కాస్తా సర్దుకుంటుంది. అందుకే లైట్ల ఎత్తు ఆ రోజు సరిచెయ్యలేదు, రెండు వారాల తర్వాత రమ్మని గోడ మీద గీత పెట్టి సరిచేశాను.

స్టాపర్ చివర్ల పల్చగా గ్రీసు పూసి పంపాను. నిండు బండితో ఒకసారి విశాఖ వెళ్లి వస్తే, స్టాపర్ ఎక్కడైనా గుద్దుకుంటే ఎదురుగా ఉన్న లోహం మీద గ్రీసు అచ్చు పడుతుంది. తిరిగొచ్చాక చూస్తే ఒక్క పక్క, చిన్న మచ్చ. రామభద్రపురం దగ్గర చీకట్లో ఒక గుంతలో పడ్డానని బాబాయ్ ఒప్పుకున్నాడు. స్టాపర్ ఉన్నది దానికే, అప్పుడప్పుడు తాకితే తప్పులేదు.

ముందు పక్క

ముందు స్ట్రట్‌లు జనవరిలో మార్చాం. డబ్బు ఒక్కసారి పెట్టలేడు కాబట్టి వెనక పక్క మొదట, ముందు పక్క తర్వాత. మైదానంలో సాలూరు దాటాక బండి పడవలా తేలుతోందని బాబాయ్ ఇంకో మాట అన్నాడు, అది ముందు స్ట్రట్‌ల వల్లే. ఎడమది విప్పి కడ్డీ నొక్కితే మొదటి రెండు వేళ్ల దూరం ఎదురే లేదు, ఖాళీగా జారిపోయింది. కొత్తవి నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాను. పెట్టెలో పడుకోబెట్టి వచ్చిన రెండు గొట్టాల షాక్‌లో గాలి బుడగ తప్పు చోట చేరి ఉంటుంది. అలాగే ఎక్కిస్తే మొదటి రోజే టకటక కొట్టి, కొత్తదే చెడ్డది అనిపిస్తుంది. కడ్డీని ప్లయర్‌తో పట్టుకోవద్దని కుర్రాళ్లకి వందసార్లు చెప్పి ఉంటాను. గోటి గీతంత గాటు చాలు, నెలలో సీలు తెగుతుంది. పైన మౌంట్లు, బేరింగులు కొత్తవి వేశాను. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా స్ట్రట్ మొత్తం ఆ బేరింగు మీదే తిరుగుతుంది, పాతది ఉంచితే మళ్లీ అంతా విప్పాలి. తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచెయ్యడం), అది తప్పనిసరి.

ముందు స్ప్రింగులు మాత్రం పాతవే ఉంచాను. 8 మిల్లీమీటర్లు రెండు పక్కలా సమంగా దిగాయి, చుట్లు తుడిచి చూస్తే పగులు లేదు, తుప్పు పైపైనే. స్ట్రట్ విప్పినప్పుడే స్ప్రింగు కూడా మార్చేస్తే కూలి కలిసొస్తుంది కదా అని తోటి మేస్త్రీలు కొందరు అంటారు, అది న్యాయమైన మాటే. కానీ బాబాయ్ జేబులో ఆ నెల ఆ డబ్బు లేదు. ముందు పక్క బంప్ స్టాపర్ తాకేలోపు దిగడానికి చోటు బాగానే ఉంది. కొలత కాగితం మీద రాసి, తేదీ వేసి, జాబ్‌కార్డుకి పిన్ను కొట్టి ఉంచాను.

ఇప్పటిదాకా

2024 నవంబరులో ఎనిమిదేళ్లు దాటిన ట్యాక్సీకి ఏటా వచ్చే ఫిట్‌నెస్ పరీక్ష కోసం బండి మళ్లీ వచ్చింది. మీటరు 1,91,000 చూపిస్తోంది. హబ్ నుంచి ఫెండర్ అంచుకి మళ్లీ టేపు పట్టాను. వెనక కుడి బ్యాంకాయన బండి కన్నా 2 మిల్లీమీటర్లు తక్కువ, ఎడమ 2 తక్కువ. ముందు 9, జనవరి కన్నా ఒక్కటే పెరిగింది. వెనక షాక్‌లు పొడిగా ఉన్నాయి. జనవరిలో వేసిన టైర్ల మీద అరచెయ్యి పెట్టి చుట్టూ తడిమితే నున్నగా తగిలింది. కుడి వెనక స్ప్రింగు కింది చుట్టులో చేరిన బురద కడిగించి, పెయింటు లేచిన చోట బ్రష్‌తో మళ్లీ పూశాం. ప్రతి వానాకాలం అయ్యాక ఈ కడుగుడు ఉచితంగా చేస్తానని మాట ఇచ్చాను.

లారీవాళ్లు ఇప్పుడు డిప్పర్ కొడుతున్నారా అని అడిగాను. "అదేటో మేస్త్రీ, మానేసినారు" అన్నాడు బాబాయ్. ఈసారి ఆ మాట జాబ్‌కార్డు మీద రాసుకున్నాను. ఇప్పుడు మా షెడ్డులో సస్పెన్షన్ పనికి ఏ బండి వచ్చినా కార్డు మీద మొదటి నాలుగు గళ్లు నాలుగు చక్రాల కొలతలకి, ఐదో గడి ఓనర్ వెళ్లబోతూ చెప్పిన చివరి మాటకి. ముందు స్ప్రింగులు 15 మిల్లీమీటర్లు దాటితే మార్చాలని బాబాయ్ కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది.